ట్రెబుల్ బూస్టర్‌తో సౌండ్ పల్చబడదా?

ట్రెబుల్‌ను, అంటే సన్నటి పై శబ్దాలను, పెంచే గిటార్ పెడల్ ఇది. పేరు చూస్తే ఎవరికైనా ఆ అనుమానమే వస్తుంది. క్లీన్‌గా, అంటే డిస్టార్షన్ (శబ్దం గరగరలాడటం) లేకుండా ఉన్న ఆంప్‌లో పెడితే నిజంగానే చెవుల్లో గుచ్చుకుంటుంది. కానీ దీని అసలు పని ట్యూబ్ ఆంప్‌ను (వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్‌ను) డిస్టార్షన్ వైపు నెట్టడం.

1960లలో ఇంగ్లాండ్‌లో వచ్చిన డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్‌నే చూడండి. లోపల ఉన్నది ఒకే ఒక్క జెర్మేనియం ట్రాన్సిస్టర్, ఒక నాబ్, 9 వోల్టుల బ్యాటరీ. ఇన్‌పుట్‌లో దాదాపు 5 నానోఫారడ్ల చిన్న కెపాసిటర్ బాస్‌ను చాలావరకు ఆపేస్తుంది. మిడ్స్ (మధ్య శబ్దాలు), ట్రెబుల్ మాత్రం బాగా పెరిగి ఆంప్‌లోకి వెళ్తాయి. అప్పటికే కొంచెం డిస్టార్ట్ అవుతున్న ట్యూబులు ఆ సిగ్నల్ పై అంచును నున్నగా కోసేస్తాయి. బాస్ తక్కువ కాబట్టి కార్డ్ వాయించినా ముద్దగా అయిపోదు, ఒక్కో తీగా విడిగా వినిపిస్తుంది. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే వాక్స్ ఏసీ30 అనే ట్యూబ్ ఆంప్‌తో రాబట్టిన సౌండ్ ఈ దారిలోదే.

పెడల్‌ను గిటార్‌కి నేరుగా, అన్నిటికంటే ముందు పెట్టండి. మధ్యలో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా చూసే సర్క్యూట్) ఉంటే మజా పోతుంది. గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి తగ్గించి చూడండి, పెడల్ ఆపకుండానే క్లీన్ అవుతుంది. నాకైతే బూస్ట్ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. అన్నట్టు, జెర్మేనియానికి వేడి పడదు. ఎండలో వాయిస్తే టోన్ మారిపోవచ్చు.