సమపాళ్ళా, సమపాలా?

సందేహం: మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. మా లారీ సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి వస్తుంది. ఇంజనును చల్లబరిచే కూలెంటు డబ్బా మీద 1:2 అని ఉంది. మెకానిక్ ‘మూడో వంతు పొయ్యండి’ అన్నాడు. డ్రైవరేమో మూడు పాళ్ళ నీళ్ళకు ఒక పాలు కూలెంటు కలిపాడు. రెండూ ఒకటేనా? షెడ్డు గోడ మీద ‘సమపాలలో కలపవలెను’ అని రాశారు. అది ఒప్పేనా?

సమాధానం: రెండూ ఒకటి కావు. మీ ఇంజనుకు 24 లీటర్లు పడతాయనుకోండి. మూడో వంతంటే కూలెంటు 8 లీటర్లు, నీళ్ళు 16. డబ్బా మీది 1:2 కూడా ఇదే. డ్రైవరు కలిపిన దాంట్లో కూలెంటు 6 లీటర్లే, అంటే నాలుగో వంతు. వంతు మొత్తంలోంచి తీసేది, పాలు పక్కదానితో పోల్చేది. ఈ తేడా ఇప్పటి రాతల్లో చెరిగిపోతోంది.

ఇక గోడ మీది రాత తప్పే. ‘సమపాలలో’ అంటే సమమైన క్షీరంలో అని అర్థం వస్తుంది. తాగే పాలకు ఏకవచనం లేదు. వాటాను చెప్పే పాలు ఏకవచనం, దానికి బహువచనం పాళ్ళు. కాలు కాళ్ళయినట్టే. కన్నడంలో క్షీరం ‘హాలు’ అయింది, వాటా ‘పాలు’గానే ఉండిపోయింది. రెండూ వేర్వేరు మాటలనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. తమిళంలో తిరుక్కురళ్ మూడు భాగాల పేర్లూ ‘పాల్’తోనే ముగుస్తాయి. మన పాల్గొనడం పాలు కొనడమే, వాటా తీసుకోవడమే. దాయాది పాలివాడు. ‘నా పాలి దైవం’ అన్నా, ‘నేలపాలు’ అన్నా ఈ మాటే. పోతన గజేంద్రుడు ‘పరమయోగి గణముల పాలం’ అన్నప్పుడు అది ‘వారి దగ్గర’ అనే అర్థానికి జరిగింది. ఇంత కాపురం చేసిన మాటను వదిలేసి ‘సమ నిష్పత్తిలో మిశ్రమం చేయబడవలెను’ అని రాయడం నాకు మింగుడుపడదు. కూలెంటుకే మరో పేరైన యాంటీఫ్రీజ్‌ను ‘ఘనీభవన నిరోధకం’ అనడమూ అంతే. కూలెంటులో ముఖ్యమైన ఎథిలీన్ గ్లైకాల్‌ను నీళ్ళతో సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, నిజమే. కానీ కొరాపుట్ కొండల్లో దాని అసలు పని మరుగు స్థానం పెంచడం, తుప్పును ఆపడం. కూలెంటు అంటే చాలు.

కూలెంటు పాలు తగ్గితే దెబ్బ తినేది లైనరు, అంటే పిస్టను కదిలే సిలిండరు తొడుగు. చుట్టూ కూలెంటు తగిలే తడి లైనరు అదిరినప్పుడు దాని వెలుపలి గోడ మీద సన్నటి ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ పోటుకు లోహం గుంటలు పడుతుంది, చివరికి చిల్లు పడి నీళ్ళు సిలిండరులోకి దిగుతాయి. దీన్ని ఆపేది కూలెంటులోని రసాయనాలే. పలచబడితే వాటి బలం పోతుంది. అలాగని చిక్కగా పోయడమూ తప్పే: వేడిని మోయడంలో గ్లైకాల్ నీళ్ళ కంటే వెనకబడుతుంది. సగం సగం కలిపిన 24 లీటర్లలో 6 లీటర్లు కారిపోయి, ఆ చోట ఉత్త నీళ్ళు పోస్తే కూలెంటు 37.5 శాతానికి పడుతుంది. మరోసారి అలాగే చేస్తే 28. అందుకే పై నింపుడుకు కూడా కలిపిన కూలెంటే పోయాలి.

కలపడానికి బోరు నీళ్ళు వద్దు, ఉప్పులు పేరుకుంటాయి. డిస్టిల్డ్ వాటర్ పోయండి. లోపల కడిగాక ఇంజను బ్లాకులో కొంత నీరు నిలిచే ఉంటుంది. కాబట్టి లెక్క ప్రకారం కాన్సంట్రేట్ (నీళ్ళు కలపని కూలెంటు) ముందు పోసి, మిగతాది నీళ్ళతో నింపి, ఇంజను నడిపి గాలి పోయాక, కూలెంటు ఎంత శాతముందో చూపే రిఫ్రాక్టోమీటరుతో చూడండి. డబ్బా మీద ‘ప్రీమిక్స్’ అని ఉంటే అది ముందే కలిపింది, నీళ్ళు అసలు కలపకూడదు. రంగు చూసి రకం పోల్చుకోవద్దు, ఏ కంపెనీ రంగు దానిది. రెండు రకాలు కలిపితే రసాయనాలు ఒకదాన్నొకటి చెడగొట్టుకోవచ్చు, ఒక్కోసారి జిగురు కడుతుంది. రేడియేటరు మూత వేడి మీద తీయకండి. ఒలికింది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. అది విషం.

‘పదో పాలు’ అని మొత్తంలోని భాగానికీ పెద్దలు వాడారు కనుక, పాలు అన్న ప్రతిచోటా పోలికే అని నేను శాసించలేను. మీ 1:2 ఆ ఇంజనుకు సరిపోతుందా అన్నది తయారీదారు పుస్తకం చెప్పాలి. భారీ డీజిల్ ఇంజన్లకు సాధారణంగా చెప్పేది సగం సగం. పుస్తకంలోనూ అదే ఉండి, ఇంజనుకు 24 లీటర్లే పడితే గోడ మీది రాత చెరిపి ‘కూలెంటు 12 లీటర్లు, నీళ్ళు 12 లీటర్లు, సమపాళ్ళు’ అని రాయించండి.