శుక్రవారం లోపు సంతకం పెట్టకు

ఎడిసన్, న్యూజెర్సీ

తమ్ముడూ,

నిన్న రాత్రి నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు పనిచేసినవాణ్ని పావుగంట వీడియో కాల్‌లో పంపేస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. పైగా వాళ్లిచ్చే డబ్బు తీసుకుని కేసు వెయ్యనని ఒప్పుకునే కాగితం మీద శుక్రవారం లోపు సంతకం పెట్టి పంపమని హెచ్ఆర్ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసిందన్నావు. ముందు ఆ పని ఆపు.

ఈ ఏడాదితో నీకు 55 నిండుతున్నాయి. 40 దాటిన ఉద్యోగిని వయసు కారణంగా తీసెయ్యకూడదని అమెరికాలో 1967లోనే చట్టం వచ్చింది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకు అది వర్తిస్తుంది. 1990లో దానికి చేసిన సవరణే ఇప్పుడు నీకు పనికొచ్చేది. డబ్బిచ్చి "వయసు పేరు మీద కేసు వెయ్యను" అని రాయించుకోవాలంటే, లేఆఫ్‌లో నీతోపాటు ఇంకొక్కరు పోయినా సరే, ఆలోచించుకోవడానికి 45 రోజులు ఇవ్వాలి. ఒక్కణ్నే తీసేస్తే 21. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, ఆ ఏడు రోజులు ఎవరూ తగ్గించలేరు. లాయర్‌ని కలవమని ఆ కాగితంలోనే రాసి ఉండాలి. వెతికి చూడు.

నాకు 56 ఏళ్లప్పుడు ఇదే జరిగింది. నాలుగు రోజులు మీ వదినకు చెప్పలేదు. రోజూ టిఫిన్ డబ్బా కట్టించుకుని బయల్దేరి, లైబ్రరీ పార్కింగ్‌లో కార్లో కూర్చుని పెరుగన్నం తినేవాణ్ని. అయిదో రోజు ఆవిడే అడిగింది, "కారులో మైళ్లు పెరగట్లేదేంటి?" అని.

ఆ రాత్రి కాగితాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచాం. అప్పటిదాకా నేను చూసింది ఎంత డబ్బిస్తారన్నదొక్కటే. చివరి రెండు పేజీలు తిప్పింది ఆవిడ. అందులో పేర్లుండవు. పోస్టు, వయసు, ఆ వయసులో ఎంతమందిని తీసేశారు, ఎంతమందిని ఉంచారు, అంతే. ఇలా గుంపుగా తీసేసి, కేసు వెయ్యమన్న హామీ రాయించుకునేటప్పుడు ఆ జాబితా ఇచ్చి తీరాలి. పిల్లల పాత కలర్ పెన్సిళ్లు తెచ్చి పోయినవాళ్లకు ఎరుపు, ఉన్నవాళ్లకు ఆకుపచ్చ గీశాం. 50 దాటిన ఏడుగురిలో ఆరుగురు ఎరుపు. 35 లోపు పదకొండు మందిలో ఒక్కడు. 56 ఎదురుగా '1' అని ఉంది. అది నేనే. మీ వదిన ఆ గడికి రంగు వెయ్యకుండా వదిలేసింది.

ఆ జాబితా చూపిస్తే కేసు గెలిచేస్తామనుకోకు. వయసు కూడా ఒక కారణమంటే చాలదని, వయసు వల్లే ఉద్యోగం పోయిందని చూపించాలని 2009లో సుప్రీంకోర్టు తేల్చింది. అది చాలా కష్టం. నేను కోర్టు గడప తొక్కలేదు. కానీ ఆ రంగుల కాగితం పట్టుకుని, ఉద్యోగుల తరఫున మాత్రమే వాదించే లాయర్ దగ్గర గంటసేపు కూర్చున్నాను. ఆవిడ రాసిన ఒక్క ఉత్తరంతో ఇంకో మూడు నెలల జీతం వచ్చింది. "ఎందుకొచ్చిన గొడవ, ఇచ్చింది తీసుకో" అని నాకూ నలుగురు చెప్పారులే. వాళ్లెవరూ ఆ చివరి పేజీలు చదవలేదు.

మీ మేనేజర్ లంచ్‌లో "రిటైర్మెంట్ ప్లాన్లేంటి?" అని అడిగాడన్నావు కదా, టీంకి కొత్త రక్తం కావాలన్నాడని కూడా. ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట అన్నాడో గుర్తున్నంత వరకు ఈ రాత్రే నోట్‌బుక్‌లో రాసిపెట్టు. ఆఫీసు మెయిళ్లు మాత్రం నీ సొంత మెయిల్‌కి పంపుకోకు. నాతో పనిచేసిన ఒకాయన లాప్‌టాప్ ఇంకా తెరుచుకుంటోంది కదా అని ఆ పని చేసి, తప్పంతా తన మీదికే తెచ్చుకున్నాడు.

ఫిర్యాదు చెయ్యాల్సింది ఈఈఓసీకి, అంటే ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ సంస్థకి. మీ టెక్సాస్‌లో దానికి 300 రోజులున్నా, రాష్ట్ర చట్టం కింద 180 మాత్రమే. నువ్వు 180 అనే లెక్కపెట్టుకో, అదీ ఆఖరి పనిదినం నుంచి కాకుండా నీకు కబురు చెప్పిన రోజు నుంచి. సంతకం పెట్టినా అక్కడ ఫిర్యాదు చేసే హక్కు పోదు.

ఇంకొకటి. 401కె, అంటే కంపెనీ ద్వారా దాచుకున్న రిటైర్మెంట్ డబ్బంతా ఐఆర్ఏలోకి, అంటే నీ సొంత రిటైర్మెంట్ ఖాతాలోకి మార్చెయ్యమని ఎవరో చెప్పారన్నావు. కంగారు పడకు. 55 నిండే ఏడాదిలో గానీ, ఆ తర్వాత గానీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ 401కె నుంచి 10 శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. పన్ను మామూలే. ఐఆర్ఏలోకి వెళ్లిందంటే ఆ వీలు పోతుంది, 59న్నర దాకా ఆగాలి. మా చిన్నాడి కాలేజీ ఫీజు రెండు సెమిస్టర్లు నేను అలాగే కట్టాను.

మరదలికి ఇంకా చెప్పలేదని నీ మాటల్లోనే తెలిసింది. ఈరోజే చెప్పు. ఆదివారం పొద్దున మీ టైం ఎనిమిదికి ఫోన్ చేస్తాను. ఆ చివరి పేజీలు, రెండు రంగుల పెన్సిళ్లు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి.

మీ అన్నయ్య