యుద్ధ వ్యూహాల గేమ్స్ ఆడితే ప్రపంచ భూగోళం నిజంగా వస్తుందా?

"మావాడు రోజంతా యుద్ధం గేమ్సే ఆడుతున్నాడు, కనీసం దేశాలైనా తెలుస్తాయా?" అని ఒకరు అడిగారు. తెలుస్తాయండి. నాకు అలాగే వచ్చింది.

మాది గద్వాల. పదో తరగతిలో మ్యాప్ పాయింటింగ్ అంటే నాకు టెన్షన్. జలసంధుల పేర్లన్నీ బట్టీ పట్టి, పరీక్ష రాసిన వారానికే మర్చిపోయాను. డిగ్రీలో ఉండగా మా పెద్దనాన్న కొడుకు తన ల్యాప్‌టాప్‌లో హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 చూపించాడు. 1936 నుంచి రెండో ప్రపంచ యుద్ధాన్ని మనమే నడిపించే గేమ్ అది. నేను జర్మనీ తీసుకుని రష్యా మీదికి వెళ్లాను. రోస్తోవ్ చేరకముందే ట్యాంకులు ఆగిపోయాయి. సైన్యం ఉంది, ఆయిల్ లేదు. ఎక్కడుందా అని మ్యాపంతా వెతికితే రొమేనియాలో కొంత, కాస్పియన్ సముద్రం ఒడ్డున బాకూలో బోలెడంత కనిపించింది. 1942లో హిట్లర్ సైన్యం బాకూ ఉన్న కాకసస్ ప్రాంతం వైపు ఎందుకు పరుగెత్తిందో ఆ రాత్రి అర్థమైంది. బాకూ ఆయిల్ ఉత్తరానికి వెళ్లే దారి వోల్గా నది, ఆ నది ఒడ్డునే స్టాలిన్‌గ్రాడ్. బ్రిటన్‌తో ఆడితే జిబ్రాల్టర్, సూయజ్ గుర్తుండిపోయాయి. ఆ రెండూ పోతే మధ్యధరా సముద్రంలో ఉన్న ఓడలు బయటికి రాలేవు మరి. రబ్బరు కోసం వెతికితే మలయా దొరికింది.

మా అక్క కొడుకు రిస్క్ ఆడతాడు, ప్రపంచ పటం మీద దేశాలు గెలుచుకునే బోర్డు గేమ్ అది. "మామా, కమ్చట్కా ఈ చివర, అలాస్కా ఆ చివర. పక్కపక్కన ఎట్లయితయి?" అని అడిగాడు. గోడ మీది ప్రపంచ పటం తీసి గొట్టంలా చుట్టి, రెండు అంచులూ కలిపి చూపించాను. వాడు నోరు తెరిచాడు. రష్యాకూ అలాస్కాకూ మధ్యలో ఉన్న బేరింగ్ జలసంధి ఇరుకైన చోట సుమారు 85 కిలోమీటర్లే, గద్వాల నుంచి మహబూబ్‌నగర్ వెళ్లేదానికంటే కాస్త ఎక్కువ. అసలు అక్కడ అలాస్కాకు ఎదురుగా ఉండేది రష్యాలోని చుకోత్కా. రిస్క్ దాన్ని కూడా కమ్చట్కాలోనే కలిపేసింది. ఇలాంటివి మనం పక్కన కూర్చుని సరిచేయాలి.

లోటు కూడా ఉంది. 1936 మ్యాపులో ఆఫ్రికా చాలావరకు బ్రిటన్, ఫ్రాన్స్ రంగుల్లోనే ఉంటుంది. అందుకే ఈరోజుకీ నాకు చాద్, నైజర్ దగ్గర తడబాటే. పేర్లు కూడా పాతవి. డాన్జిగ్ ఇప్పుడు పోలాండ్‌లోని గ్దాన్స్క్, స్టాలిన్‌గ్రాడ్ 1961 నుంచి వోల్గోగ్రాడ్. కాబట్టి గేమ్ పక్కన ఇప్పటి అట్లాస్ ఒకటి ఉంచండి. మీవాడు ఏ ఊరి కోసం కొట్లాడుతున్నాడో ఆ ఊరే అందులో వెతకమనండి, చాలు.

నాకు దక్కిన పెద్ద లాభం మాత్రం మా ఊరిని చూసే చూపు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉంది కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్నా, ఆ పేరు గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మొన్న హైదరాబాద్ నుంచి వస్తుంటే బీచుపల్లి బ్రిడ్జి మీద మా మేనల్లుడు, "మామా, ఈ బ్రిడ్జి, కర్నూలు బ్రిడ్జి రెండూ పోతే మనకు సప్లై ఎట్ల?" అన్నాడు. "రాయచూరు వైపు నేల దారి ఉంది కదరా" అన్నాను. ఆ రాయచూరు కోసమే 1520లో కృష్ణదేవరాయలు, బీజాపూర్ సుల్తాను తలపడ్డారని చెప్తే, ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా పటం ముందు కూర్చున్నాడు.