టెక్ సందేహాలు: నలభై మంది, నలభై రకాల ఫోన్లు

ఎండలు ముదిరి పొలం పనులు తగ్గాయంటే మన వైపు శిక్షణల సీజన్ మొదలైనట్టే. ఈసారి వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా పాఠం చెప్పేవాళ్లవే. కొత్త ఫోన్ల ముచ్చట వచ్చే వారం చూద్దాం.

ప్రశ్న: మహిళా సంఘాల సభ్యులకు డిజిటల్ చెల్లింపులు నేర్పిస్తుంటాను. బ్యాచ్‌కు 35 నుంచి 40 మంది. "అర్థమైందా అక్కా" అంటే అందరూ తలూపుతారు. మర్నాడు అడిగితే సగం మందికి గుర్తుండదు. ఫోన్‌లో క్విజ్ పెడదామంటే చాలామందివి బటన్ ఫోన్లు. దారి చెప్పండి.
– ఒక శిక్షకురాలు, నర్సంపేట

ఆ తలూపుడు నాకూ అనుభవమే. కొన్నేళ్ల కింద హనుమకొండలో ఒక హాల్లో 35 మంది పెద్దవాళ్లకు కహూట్ అనే, ఎవరి ఫోన్‌లో వాళ్లు జవాబు నొక్కే క్విజ్ పెట్టి పరువు పోగొట్టుకున్నాను. తెర మీద ప్రశ్న, పక్కన తరిగిపోతున్న సెకన్లు, వెనక మ్యూజిక్. "సారూ, నా ఫోన్ల నెట్ లేదు" అని ఒకరు, "గిది ఏడ నొక్కాలె" అని ఇంకొకరు. నాలుగో ప్రశ్నకు ఎనిమిది మంది మిగిలారు, అందరూ వెనక వరుస కుర్రాళ్లే. ముందు కూర్చున్న ఒక పెద్దమనిషి తన బటన్ ఫోన్‌ను మెల్లగా జేబులో పెట్టేసుకున్నాడు. పిల్లలకు ఆ టైమర్ ఒక ఆట. యాభై ఏళ్ల మనిషికి నలుగురి ముందు ఇజ్జత్ పోయే టెన్షన్.

మీకు పనికొచ్చేది ప్లిక్కర్స్ అనే కార్డుల క్విజ్ యాప్. ఇందులో ఫోన్ మీ ఒక్కరి దగ్గర ఉంటే చాలు. వాళ్ల సైట్‌లో 40 కార్డుల సెట్ ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసి తలా ఒకటి ఇవ్వండి. ప్రతి కార్డు మీద నలుపు తెలుపుల్లో ఒక ఆకారం, ఒక నంబరు ఉంటాయి. ఆకారం ఏ రెండు కార్డుల్లోనూ ఒకటి కాదు. నాలుగు అంచుల మీద ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలుంటాయి. తన జవాబు ఏదో ఆ అంచు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి, అంతే. మీరు యాప్ తెరిచి కెమెరాను హాలంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం చెప్పారో మీ ఫోన్‌లో కనిపిస్తుంది. అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కావిడ జవాబు చూసి తిప్పడం కుదరదు. తప్పు చెప్పినా మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అసలు లాభం అక్కడే ఉంది.

మూడు జాగ్రత్తలు. మెరిసే లామినేషన్ చేయించకండి, ట్యూబ్‌లైట్ పడి కెమెరాకు ఆకారం అందదు. మందపాటి మామూలు కాగితం చాలు. నల్లటి భాగం మీద వేళ్లు పెట్టొద్దని ముందే చెప్పండి. ఇంగ్లిష్ అక్షరాలు రానివాళ్ల కోసం కార్డు వెనక నాలుగు అంచులకూ నాలుగు రంగుల బొట్టు బిళ్లలు అంటించి, "ఎరుపు పైకి పట్టుకోండి" అని చెప్పండి. ముందు వైపు అంటిస్తే పక్కవాళ్లకు కనిపిస్తుంది, స్కానింగ్‌కూ అడ్డు.

ఇక ప్రశ్న. "యూపీఐ అంటే ఏమిటి" లాంటివి వద్దు. ఇలా అడగండి: ఎవరో ఫోన్ చేసి "మీకు 5,000 పంపుతున్నా, పిన్ కొట్టండి" అన్నారు. మీరేం చేస్తారు? పిన్ కొడతారా, ఓటీపీ చెబుతారా, ఫోన్ కట్ చేస్తారా, బ్యాంకుకు వెళ్లి అడుగుతారా? డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. సగం మంది తప్పు చెప్పారనుకోండి, సరైన జవాబు వెంటనే చెప్పేయకండి. పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి మళ్లీ కార్డులు ఎత్తమనండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో తన తరగతిలో చేసింది ఇదే. మన అక్కలకు ఇంకా బాగా నప్పుతుంది, ఎందుకంటే ఆ రెండు నిమిషాల్లో "మా ఆడబిడ్డకు గిట్లనే ఫోనొచ్చింది" అనే కథ కనీసం ఒకటి బయటికొస్తుంది. మీ పాఠం కన్నా ఆ కథే గుర్తుంటుంది. అది అయ్యాక, డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరును అందరి చేతా ఫోన్‌లో సేవ్ చేయించండి. బటన్ ఫోన్‌లోనూ సేవ్ అవుతుంది.

పూటకు నాలుగైదు ప్రశ్నలు చాలు.

ప్రశ్న: పసుపు రైతుల శిక్షణకు వాట్సాప్ గ్రూపు పెట్టాను. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద నా మెసేజ్‌లు మునిగిపోతున్నాయి. అడ్మిన్ ఓన్లీ చేస్తే ఎవరూ చూడటమే మానేశారు.
– ఒక శిక్షకుడు, జగిత్యాల

మధ్యేమార్గం ఉంది. పగలంతా అడ్మిన్‌లు మాత్రమే రాసేలా పెట్టి, రాత్రి 7 నుంచి 8 దాకా గ్రూపు తెరవండి. నాలుగు రోజుల్లో ఆ వేళకు అలవాటు పడతారు. టైప్ చేయమనకుండా వాయిస్ మెసేజ్ అడగండి, లేదా ఆకు ఫొటో తీసి పెట్టమనండి. వాయిస్‌లు 2ఎక్స్ వేగంతో వింటే మీకూ టైమ్ కలిసొస్తుంది.

పోల్‌తో మాత్రం జాగ్రత్త. 2022 చివర్లో వాట్సాప్‌లో వచ్చిన ఈ సౌకర్యం తేదీ, చోటు తేల్చుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. కానీ ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా కనిపిస్తుంది. "పాఠం అర్థమైందా" అని పోల్ పెడితే అందరూ అవుననే నొక్కుతారు, హాల్లో తలూపినట్టే. అలాంటిది గూగుల్ ఫామ్‌లో, పేరు గానీ ఈమెయిల్ గానీ అడగకుండా పెట్టండి.

ప్రశ్న: జూమ్ క్లాసుకు ఊళ్లో పదిమంది ఒకే గదిలో కూర్చుంటారు. గుయ్‌మని మోత, ఏమీ వినపడదు. పైగా 40 నిమిషాలకు కట్ అవుతుంది.
– భూపాలపల్లి

ఒకే గదిలో రెండు ఫోన్లు క్లాసులో చేరి మైకులు, స్పీకర్లు తెరిచి పెట్టాయంటే వచ్చే మోత అది. ఒకదాని స్పీకర్ శబ్దాన్ని ఇంకోదాని మైకు పట్టుకుని మళ్లీ పంపుతుంది. గదికి ఒక్క ఫోనే మాట్లాడాలి, ఒక్క దాని నుంచే వినాలి. మిగతావాళ్లు మ్యూట్ చేస్తే సరిపోదు, సౌండ్ కూడా తీసేయాలి. ఉచిత జూమ్‌లో 40 నిమిషాల హద్దు నిజమే. ఉచిత గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది ఉంటే గంట. నన్నడిగితే ఆ 40 నిమిషాలను తిట్టుకోకండి. 35కి పాఠం ఆపి, పది నిమిషాలు చాయ్‌కి వదిలి, అదే లింకుతో మళ్లీ పిలవండి. గంటన్నర ఏకబిగిన చెబితే వీడియో ఆపేసి బర్రెలకు మేత వేయడానికి పోయేవాళ్లను ఎవరూ ఆపలేరు.

ప్రశ్న: నేత పని నేర్పిస్తుంటాను. ఇంట్లో చేసుకున్న తెలుగు స్లయిడ్లు శిక్షణ హాల్లో కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా వస్తున్నాయి.
– కొత్తవాడ, వరంగల్

మీరు అను ఫాంట్ వాడి ఉంటారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అంతే సంగతులు. ఇకపై ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లో టైప్ చేయండి, పాత స్లయిడ్లు ఇంట్లోనే పీడీఎఫ్‌గా మార్చి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఇంకో చిట్కా: పవర్‌పాయింట్‌లో స్లయిడ్ షో నడుస్తుండగా బీ మీట నొక్కితే తెర నల్లబడుతుంది. మగ్గం మీద పోగు చూపించేటప్పుడు అది నొక్కండి, చూపులన్నీ మీ చేతుల మీదికి వస్తాయి. మళ్లీ బీ నొక్కితే స్లయిడ్ తిరిగొస్తుంది.