లైనక్స్ బ్లాక్ లేయర్‌లో కొత్త స్టోరేజ్ ఆపరేషన్ చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్లాక్ లేయర్ అంటే ఫైల్‌సిస్టమ్‌కీ డిస్క్ డ్రైవర్‌కీ మధ్య ఉండే కెర్నెల్ భాగం. అందులో రీడ్, రైట్ కాక సొంత ఆపరేషన్ ఒకటి కావాలంటే ఈనమ్‌లో (ఆపరేషన్ల పేర్లు, నంబర్ల జాబితా) ఒక లైను, డ్రైవర్‌లో ఒక కేసు రాస్తే చాలా అని అడిగారు. చాలదు. ఆ రెండూ పూట పని. వాటి మధ్య ఉన్న కోడ్‌ను ఒప్పించడమే అసలు తంటా.

నేను ఇలాంటిది క్యూఈము వర్చువల్ మెషీన్‌లో, నల్ బ్లాక్ డ్రైవర్ (అసలు డిస్క్ లేకుండా పరీక్షలకు వాడేది) మీద ప్రయోగంగా చేశాను. దానికి ముందు 4.10 కెర్నెల్‌లో వచ్చిన ‘రైట్ జీరోస్’ కోడ్ మొత్తం చదివాను. ఫలానా సెక్టార్ నుంచి ఇంతమేర సున్నాలు నింపమని డిస్క్‌కి చెప్పే ఆపరేషన్ అది. మీరూ దాన్నే పట్టుకోండి, దాదాపు ప్రతి మలుపూ కనిపిస్తుంది.

నంబర్ ఇష్టమొచ్చినట్టు ఇవ్వకండి. రీడ్ 0, రైట్ 1, డిస్కార్డ్ (ఈ బ్లాకులు ఇక అక్కర్లేదని డిస్క్‌కి చెప్పేది) 3, రైట్ జీరోస్ 9. చివరి బిట్ చూసే ఇది రైటా కాదా అని కెర్నెల్ తేల్చుకుంటుంది. రీడ్ ఓన్లీ డివైస్ మీద అడ్డుకునేదీ దాన్ని చూసే. డిస్క్‌ని మార్చే ఆపరేషన్‌కి సరి సంఖ్య ఇస్తే ఆ కాపలా దాటిపోతుంది.

తర్వాత అసలు ప్రశ్న: మీ ఆపరేషన్ డేటా మోస్తుందా? బయో అంటే బ్లాక్ లేయర్‌లో ఒక రిక్వెస్ట్ వివరాలు మోసే స్ట్రక్చర్. రైట్ జీరోస్ బయోలో సైజు 1 జీబీ అని ఉండొచ్చు, వెనక మాత్రం ఒక్క మెమరీ పేజీ ఉండదు. అందుకే బయో_హ్యాజ్_డేటా అనే బుల్లి ఫంక్షన్‌లో డిస్కార్డ్, సెక్యూర్ ఎరేజ్, రైట్ జీరోస్‌లను పేరుపేరునా మినహాయించారు. మీదీ అదే బాపతు అయితే అక్కడా, అలాంటిదే అయిన బయో_నో_అడ్వాన్స్_ఐటర్ ఫంక్షన్‌లోనూ చేర్చాలి. లేదంటే కిందెక్కడో లేని పేజీల కోసం వెతుక్కుంటూ పోయి కెర్నెల్ ఊప్స్ (క్రాష్ ఎర్రర్) కొడుతుంది.

పక్కపక్క రిక్వెస్టుల్ని మెర్జ్ చేయొచ్చా, ఎంత సైజులో ముక్కలు చేయాలి, ఎల్‌వీఎం (డిస్కుల్ని కలిపి వాల్యూమ్‌లుగా చూపే పొర) కింద ఉన్న డిస్కుల లిమిట్లు పైకెలా రావాలి అన్నవి రైట్ జీరోస్ కోడ్ చూస్తూ పూర్తిచేయొచ్చు.

టెస్టింగ్‌లో జాగ్రత్త. డివైస్‌ని సున్నాలతో నింపే ‘బ్లాక్‌డిస్కార్డ్ మైనస్ జెడ్’ (blkdiscard -z) కమాండ్ సక్సెస్ అయినంత మాత్రాన సంబరపడొద్దు. డివైస్‌కి ఆ ఆపరేషన్ రాకపోతే కెర్నెలే మామూలు రైట్లతో సున్నాలు రాసి పని కానిచ్చేస్తుంది. సిస్‌ఎఫ్ఎస్‌లో (డివైస్ సెట్టింగులు చూపే /sys ఫోల్డర్) రైట్_జీరోస్_మ్యాక్స్_బైట్స్ 0 ఉంటే రిక్వెస్ట్ డ్రైవర్ దాకా రాలేదన్నమాట. నేనైతే పక్కన బ్లాక్‌ట్రేస్ (బ్లాక్ లేయర్‌లో వెళ్లే రిక్వెస్టుల్ని చూపే టూల్) పెట్టుకునే చూస్తాను.

మెయిన్‌లైన్‌కి (అధికారిక లైనక్స్ కెర్నెల్‌కి) పంపే ఆలోచనుంటే, దాన్ని వాడే కోడ్ కూడా వెంట ఉండాలి. ఒకే డేటాను చాలా బ్లాకుల్లో రాయించే ‘రైట్ సేమ్’ ఆపరేషన్‌ని కెర్నెల్‌లో వాడేవాళ్లు మిగల్లేదని 5.18లో పీకేశారు.