మాకంటే మాకనే రెండు మంచి సంస్థలు: ఒక కొత్త రచయిత్రికి

చిరంజీవికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. పెద్దావిడ తన ఆస్తంతా దానధర్మాలకని వీలునామా రాసి కన్నుమూయడం, ఆ ట్రస్టు డబ్బు మాకంటే మాకని రెండు సంస్థలు కోర్టుకెక్కడం మంచి వస్తువు. చాలామంది దీని జోలికే పోరు. వాయిదాల విసుగు, ప్లీడర్ల దెప్పుళ్లు బాగా పట్టుకున్నావు. కానీ చివర్లో జడ్జిగారు రెండు సంస్థల పనితీరూ బేరీజు వేసి, పిల్లలకు ఎక్కువ మేలు చేసేదానికి డబ్బు ఇప్పించేశారు చూడు, అక్కడ కథ నీ చేయి జారింది. ఏ సంస్థ గొప్పదని కోర్టు అడగదమ్మా. పోయినావిడ ఏం కోరిందని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు జవాబులొచ్చే చోట నీ కథ ఉంది.

బెరిల్ బక్ కేసు వెతికి చదువు. కాలిఫోర్నియా ఆవిడ, 1975లో పోయింది. మెరిన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అవసరంలో ఉన్నవాళ్లకూ, ఆ కౌంటీలోని ధర్మకార్యాలకూ వాడమని ఆస్తి రాసిపెట్టింది. అందులో ముఖ్యమైనవి ఒక ఆయిల్ కంపెనీ షేర్లు. 1979లో ఆ కంపెనీని షెల్ కొనేసరికి, సుమారు కోటి డాలర్లు అనుకున్నది కాస్తా 25 కోట్లు దాటింది. చూడబోతే మెరిన్ అమెరికాలోని బాగా కలిగిన కౌంటీల్లో ఒకటి. పక్క కౌంటీల్లో పేదరికం. డబ్బు వ్యవహారం చూస్తున్న శాన్‌ఫ్రాన్సిస్కో ఫౌండేషన్ 1984లో కోర్టుకు వెళ్లి, పక్క కౌంటీల్లో కూడా ఖర్చు పెట్టనివ్వమంది. అక్కడి సంస్థలూ మా మాట కూడా వినండని ముందుకొచ్చాయి. నెలల తరబడి విచారణ జరిగాక, 1986లో కోర్టు కుదరదంది. ఫౌండేషన్ తప్పుకుంది. ఆ డబ్బు చూడటానికి మెరిన్ కమ్యూనిటీ ఫౌండేషన్ అని కొత్తది పుట్టింది.

ఇందులో నలిగిన సూత్రం పేరు సై ప్రే. దాత చెప్పిన పని అసాధ్యమైనా, చట్టవిరుద్ధమైనా, ఆచరణలో పెట్టే దారి లేకపోయినా, దానికి వీలైనంత దగ్గరగా ఉండే మరో పనికి కోర్టు డబ్బు మళ్లించవచ్చు. ఇంకోచోట ఇంకా బాగా ఉపయోగపడుతుందన్న మాట అందుకు చాలదు. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పడదు గానీ, రేపు నా వీలునామాను ఎవరో ‘మెరుగు’ చేస్తామంటే ఊరుకుంటానా అంటే, ఊరుకోను. నీ జడ్జిగారు ఈ ఇరకాటంలో ఒక పేజీ అయినా కూర్చోవాలి. ఇప్పుడైతే ఆయనకు టెన్షనే లేదు.

దాత చెప్పిన పని నిజంగానే తీరిపోయిన కేసు కావాలంటే 1867 నాటి జాక్సన్ వర్సెస్ ఫిలిప్స్ ఉంది. బోస్టన్‌కు చెందిన ఫ్రాన్సిస్ జాక్సన్ 1861లో చనిపోతూ రెండు మొత్తాలు వదిలాడు. ప్రసంగాలు, పుస్తకాలు, పత్రికల ద్వారా బానిసత్వాన్ని అంతం చేసే ప్రజాభిప్రాయం కూడగట్టడానికి 10,000 డాలర్లు. పారిపోయి వచ్చిన బానిసల కోసం 2,000. డబ్బు ఖర్చు కాకముందే, 1865లో రాజ్యాంగ సవరణతో బానిసత్వమే రద్దయింది. ట్రస్టీలు ఎవరనుకున్నావు? గ్యారిసన్, వెండెల్ ఫిలిప్స్ లాంటివాళ్లు, బానిసత్వానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి ఒకే వేదిక మీద మాట్లాడిన స్నేహితులు. విముక్తులైన వాళ్ల చదువుకు ఇద్దామని గ్యారిసన్. హక్కులు ఇంకా చేతికి రాలేదు, పోరాటం ముగియలేదు, ఉద్యమ పత్రికకే ఇవ్వాలని ఫిలిప్స్. ఇద్దరిలో ఎవరిని తప్పంటావు? చివరికి పెద్ద మొత్తం విముక్తుల చదువు చూసే సంఘానికీ, చిన్నది బోస్టన్ చుట్టుపక్కల ఉన్న నిరుపేద నల్లజాతి వాళ్లకూ వెళ్లింది. నీ రెండు సంస్థల అధ్యక్షులకూ ఈపాటి పాత స్నేహం పెట్టి చూడు. ఓడిపోయేవాడి నోట్లో ఫిలిప్స్ వాదనంత బలమైనది పెట్టకపోతే పాఠకుడు మూడో పేజీకే తీర్పు చెప్పేస్తాడు.

ఇక తేదీలు. నీ కథలో పెద్దావిడ మనసులో పెట్టుకున్న అనాథాశ్రమం మూతపడిందన్నావు, ఎప్పుడో చెప్పలేదు. ఇంగ్లండు కోర్టుల్లో దీన్నిబట్టే కేసు తిరగబడుతుంది. ఆవిడ పోయాక మూతపడితే ఆ డబ్బు అప్పటికే ధర్మానికి చెందినట్టు, మరో ధర్మకార్యానికి మళ్లిస్తారు. ఆవిడ బతికుండగానే మూతపడితే, ఆవిడ మనసులో ఉన్నది ఆ ఒక్క ఆశ్రమమేనా, లేక మొత్తంగా ధర్మబుద్ధా అని తవ్వుతారు. ఆ ఒక్కటే అని తేలితే సంస్థలు రెండూ ఇంటికే. 1936లో హార్వుడ్ కేసని ఒకటుంది, నవ్వొస్తుంది. శాంతి కోసం పనిచేసే రెండు సంఘాలకు ఒకావిడ డబ్బు రాసింది. విజ్‌బీచ్ సంఘానికి 200 పౌన్లు, బెల్‌ఫాస్ట్ సంఘానికి 300. మొదటిది ఒకప్పుడు నిజంగానే ఉండి, ఆవిడకంటే ముందే మూతపడింది, కాబట్టి ఆ కానుక చెల్లలేదు. రెండోది అసలు ఎన్నడూ ఉన్న దాఖలాల్లేవు. లేని సంఘానికి రాసిందంటే ఆవిడకు కావలసింది శాంతి ప్రయత్నమేనని, ఆ 300 అలాంటి పనికే ఇమ్మన్నారు! ఇలాంటిది కథలో కల్పిస్తే ఎడిటర్ కొట్టేస్తాడు.

పేర్ల విషయంలోనూ అంతే. స్కాట్లండ్‌లో బతికిన ఒకాయన పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే ‘జాతీయ సంఘానికి’ డబ్బు రాసిపోయాడు. ఆయనకు దగ్గర్లో పనిచేసేది స్కాట్లండ్ సంఘం. కానీ రాసిన పేరు లండన్ సంఘానికి అచ్చుగా సరిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, అప్పట్లో అక్కడి చివరి అప్పీలు కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ లండన్‌కే ఇచ్చింది.

అందుకే అడుగుతున్నా, నీ వీలునామాలో ఉన్న వాక్యం ఏది? ముప్పై పేజీల కథలో అది ఒక్కచోటా కనపడలేదు. ‘ఆస్తంతా ధర్మానికి రాసింది’ అని నువ్వు చెబితే చాలదు, ఆవిడ మాటల్లోనే కావాలి. రెండు సంస్థలూ దాన్నే చదివి, రెండూ నిజాయితీగా మాదే అనుకునేలా ఉండాలి. లాయరు రాసిచ్చిందా, సొంతంగా రాసుకుందా అన్నది కూడా భాషలో తెలియాలి.

ఇంకొకటి, మూల కూర్చోబెట్టిన ఆ మేనల్లుడు. కానుక చెల్లకపోతే డబ్బు వారసులకు పోతుంది, అంటే మూడో కక్షిదారు అతనే. దురాశాపరుణ్ణి చేయొద్దు, మామూలు మనిషిని చెయ్యి. అత్త ఆ ఆశ్రమం తప్ప ఇంకేదీ పట్టించుకునేది కాదని అతనికి నిజంగానే తెలిసుండొచ్చు. అది నిజమైతే అతను గెలుస్తాడు.

ముందు ఆ వాక్యం రాసి పంపు, నాలుగు లైన్లయినా సరే. కథ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.