బటన్ నొక్కేది చివర్లో: కాటా కాలిబ్రేషన్‌కి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. వచ్చే వారం మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లుకి నువ్వొక్కడివే వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టన్ను కాటా, కింద బరువు మోసే నాలుగు లోడ్ సెల్స్, అంకె చూపించే కొత్త ఇండికేటర్. రెండేళ్లు మీ షాపులో పెద్ద మెకానిక్ పక్కన నిలబడి చూశావు, ఏ బటన్ ఏం చేస్తుందో నీకు తెలుసు. అయినా మీ అమ్మ గొంతులో టెన్షన్ వినిపించింది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితం మీదైతే పని మధ్యలో జేబులోంచి తీసి చూసుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట గట్టిగా పట్టుకో అల్లుడూ. ఇండికేటర్‌కి బరువంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవి మిల్లీ వోల్టులే. ఇన్ని మిల్లీ వోల్టులొస్తే సున్నా, ఇన్నొస్తే ఇన్ని కిలోలు అని మనం చెప్పిందే నమ్ముతుంది. ప్లాట్‌ఫాం వంకరగా ఉన్నప్పుడు చెప్పినా నమ్ముతుంది, తప్పుడు రాళ్లు పెట్టి చెప్పినా నమ్ముతుంది. అందుకే ఆ చెప్పడం, అంటే కాలిబ్రేషన్, చివరి పావుగంట పని. అంతకు ముందు రెండు మూడు గంటలు నీ కళ్లు కింద ఉండాలి.

మిల్లులో దిగగానే ఇండికేటర్ పెట్టె విప్పకు. ప్లాట్‌ఫాం పైప్లేటు ఎత్తించి లోపల చూడు. రైస్ మిల్లంటే ఊక, తవుడు, దుమ్ము. అవి సెల్ కిందా, మితిమీరిన బరువు నుంచి సెల్‌ని కాపాడే ఓవర్‌లోడ్ స్టాపర్ బోల్టు దగ్గరా గట్టిపడి కూర్చుంటాయి. స్టాపర్‌కీ ఫ్రేముకీ మధ్య సందు ఉండాలి. ఆ సందులో నాలుగు వడ్లగింజలు ఇరుక్కుంటే చాలు, 300 కిలోల దాకా బాగానే చూపించి, ఆపైన తక్కువ చూపిస్తుంది. ఎందుకంటే ఆపైన బరువులో కొంత సెల్ మీద పడకుండా గింజల మీదుగా నేలలోకి పోతుంది. శుభ్రం చేయించు. రసమట్టం పెట్టి నాలుగు వైపులా మట్టం చూడు. తర్వాత ప్రతి పాదం కిందా ఒక కాగితం ముక్క దూర్చి లాగి చూడు. ఏ పాదం దగ్గర కాగితం తేలిగ్గా వచ్చేస్తే ఆ పాదం గాల్లో ఉన్నట్టే. నాలుగు కాళ్ల మంచం మూడు కాళ్ల మీద నిలబడితే ఎలా ఊగుతుందో ఇదీ అంతే. సెల్ మీద బాణం గుర్తుంటుంది, బరువు పడే దిక్కుకే అది ఉండాలి. రవాణా కోసం బిగించిన బోల్టులు ఏవైనా మిగిలిపోయాయేమో అదీ చూడు.

ఇక వైర్లు. ఎరుపు, నలుపు సప్లై. ఆకుపచ్చ, తెలుపు సిగ్నల్. చాలా సెల్స్‌కి ఇదే లెక్క. కానీ అన్ని కంపెనీలూ ఇదే రంగులు వాడవు. రంగుని నమ్మకు, మల్టీమీటర్‌ని నమ్ము. 350 ఓమ్స్ సెల్ అయితే సిగ్నల్ జత మధ్య 350 చుట్టూ వస్తుంది, సప్లై జత మధ్య అంతకంటే ఎక్కువ, 400 దగ్గర్లో వస్తుంది. మిగతా ఏ రెండు వైర్ల మధ్య చూసినా ఈ రెండిటికంటే తక్కువే. లోపల నాలుగు స్ట్రెయిన్ గేజ్‌లు వీట్‌స్టోన్ బ్రిడ్జిలా, అంటే చతురస్రం నాలుగు భుజాల్లా కూర్చుంటాయి, సప్లై వైపు సరిచేసే రెసిస్టర్లు అదనంగా ఉంటాయి కాబట్టి ఇలా వస్తుంది. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు ఎవరికి వారే కనిపెట్టిన గేజ్ ఇది. స్టీలు కంటికి కనిపించనంత వంగితే ఆ సన్నని తీగ సాగి, ఓమ్స్ మారతాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఇదొక అద్భుతంలానే అనిపిస్తుంది.

తర్వాత ఒక్కో వైరుకీ సెల్ బాడీకీ మధ్య చూడు. మీటర్ ఏమీ చూపించకూడదు. కొన్ని మెగా ఓమ్స్ చూపించినా ఆ సెల్‌లోకి తేమ దిగినట్టే. ఎక్కువ వోల్టేజీ పంపి ఇన్సులేషన్ చూసే మెగ్గర్ మాత్రం ఇండికేటర్ తగిలించి ఉండగా వాడకు.

తేమ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నువ్వు పెట్టబోయే కాటా లెక్కే చూడు. నాలుగు సెల్స్, ఒక్కోటి 500 కిలోలది, మొత్తం 2000. వోల్టుకి 2 మిల్లీ వోల్టుల సెల్‌కి ఇండికేటర్ 5 వోల్టులు ఇస్తే, 2000 కిలోలకి 10 మిల్లీ వోల్టులు. మన కాటా వెయ్యి కిలోలే కాబట్టి 5 మిల్లీ వోల్టులు. స్క్రీన్ మీద అంకె 200 గ్రాముల చొప్పున మారుతుంది, దాన్నే డివిజన్ అంటాం. వెయ్యి కిలోల్లో అలాంటివి 5000 మెట్లు. అంటే ఒక్కో మెట్టుకి ఒక మైక్రో వోల్ట్, వోల్టులో పది లక్షల్లో ఒక వంతు. నాలుగు సెల్స్ వైర్లూ కలిసే జంక్షన్ బాక్స్ మూత తీసినప్పుడు టెర్మినల్ మీద ఉప్పులా తెల్లగా పేరుకుని, స్క్రూ తలలు పచ్చబడి కనిపిస్తే ఆ మైక్రో వోల్టు ఎక్కడ నిలుస్తుంది చెప్పు? బ్రష్‌తో తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లం పెట్టి, కేబుల్ గ్లాండ్లు, మూత రబ్బరు బిగించాకే ముందుకెళ్లు. ఎలుక కొరికిన కేబుల్‌ని టేపు చుట్టి వదిలేయకు. సెల్ నుంచి వచ్చే కేబుల్ పొడవుందని కత్తిరించకు కూడా, ఆ పొడవుతో కలిపే కంపెనీ సెల్‌ని సరిచూసి పంపుతుంది. చుట్టలా చుట్టి కట్టేయి.

జంక్షన్ బాక్స్ నుంచి ఇండికేటర్‌కి ఆరు వైర్ల కేబుల్ వెయ్యి. సెన్స్ వైర్లు రెండూ కలిపితే దారిలో తగ్గే వోల్టేజీని ఇండికేటరే సరిచేసుకుంటుంది. నాలుగు వైర్లే ఉంటే ఇండికేటర్ దగ్గర సెన్స్ పిన్నుని సప్లై పిన్నుకి చిన్న వైరుతో జంపర్ చెయ్యడం మర్చిపోకు. కేబుల్ లోపల వైర్ల చుట్టూ ఉండే షీల్డ్‌ని ఒక్కవైపే, ఇండికేటర్ వైపే ఎర్త్ చెయ్యి. మోటారు కేబుళ్ల పక్కనుంచి తీసుకెళ్లకు. ఇంకోటి, మిల్లులో ఎవరో ఒకరు ప్లాట్‌ఫాంకి చిన్న వెల్డింగ్ టచ్ ఇస్తానంటారు. సెల్స్ విప్పకుండా అస్సలు ఒప్పుకోకు. ఆ కరెంటు సెల్ గుండా పోతే గేజ్‌లు క్షణంలో పోతాయి.

ఇప్పుడు ఇండికేటర్ ఆన్ చేసి, అరగంట వేడెక్కనివ్వు. ఈలోగా సిగ్నల్ పిన్నుల మధ్య మల్టీమీటర్ మిల్లీ వోల్టులో పెట్టి చూడు. ప్లాట్‌ఫాం బరువు వంద కిలోలైతే అర మిల్లీ వోల్టు రావాలి. నువ్వు ఎక్కి నిలబడితే ఇంకో 0.3 దాకా పెరగాలి. పెరగకుండా తగ్గితే సిగ్నల్ వైర్లు తిరగబడ్డాయి. ఎక్కినా దిగినా కదలకపోతే ఇండికేటర్‌ని అనుమానించకు, మళ్లీ కిందికే వెళ్లు.

సెట్టింగుల్లో కెపాసిటీ 1000, డివిజన్ 0.2, పాయింట్ తర్వాత ఒక అంకె. మిల్లు వాళ్లు 50 గ్రాములు చూపించమని అడగొచ్చు. కుదరదని మర్యాదగా చెప్పు. మన సెల్స్‌కీ ఈ ప్లాట్‌ఫాంకీ అంత పట్టు లేదు. చూపించే అంకె చిన్నదైనంత మాత్రాన తూకం సన్నబడదు.

రాళ్ల దగ్గర నా అనుభవం ఒకటి చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక మిల్లులో వెయ్యి కిలోల కాటాకి నాలుగే నాలుగు 20 కిలోల రాళ్లతో స్పాన్ (ఇంత సిగ్నల్‌కి ఇన్ని కిలోలని ఇండికేటర్‌కి నేర్పడం) చేసి వచ్చాను. 80 కిలోలు పెట్టాను, 80.0 చూపించింది, సంతోషంగా సంచి సర్దుకున్నాను. 200 గ్రాముల డివిజన్ మీద 80.0 అంటే లోపల 79.9 అయినా కావొచ్చు, 80.1 అయినా కావొచ్చు. 80 కిలోల దగ్గర వంద గ్రాముల తేడా వెయ్యి కిలోల దగ్గరికొచ్చేసరికి కిలోంపావు అవుతుంది. పది రోజుల తర్వాత ఒక పెద్దాయన, రైతు, వేరే కాటా మీద తూయించిన చీటీ పట్టుకుని మిల్లుకొచ్చాడు. 20 టన్నుల్లో 25 కిలోల తేడా. ఆయన ఎవరినీ తిట్టలేదు. చీటీ మడతలు విప్పి బల్ల మీద పరిచి, వేలితో అంకె చూపించాడు, అంతే. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ రోజు నుంచి సగం కెపాసిటీకి తక్కువ రాళ్లతో నేను స్పాన్ ముట్టుకోలేదు.

కాబట్టి ప్రభుత్వ ముద్ర ఉన్న రాళ్లు 500 కిలోలు, అంటే 25 రాళ్లు, ట్రాలీలో వేసుకునే బయల్దేరు. కూలీ ఖర్చు గురించి షాపు ఓనర్‌తో ముందే మాట్లాడు. మిగతా సగం ఎలా చూడాలంటే, 500 కిలోల రాళ్లు పెట్టి రీడింగ్ రాసుకో. రాళ్లు దించి, సరిగ్గా అదే రీడింగ్ వచ్చేదాకా బియ్యం బస్తాలు పేర్చు, చివర్లో దోసిళ్లతో సరిచెయ్యి. ఇప్పుడు ఆ బస్తాల మీద రాళ్లు మళ్లీ పెడితే నీకు వెయ్యి కిలోలు దొరికినట్టే.

జీరో చెయ్యక ముందే రెండు మూడుసార్లు నిండు బరువు ఎక్కించి దించు. కొత్తగా బిగించిన సెల్స్, బోల్టులు తమ చోట సర్దుకుంటాయి. తర్వాత ఖాళీ ప్లాట్‌ఫాం మీద జీరో, ఆపైన 500 కిలోలు పెట్టి, అంకె నిలబడ్డాకే స్పాన్, సేవ్.

ఇది తాత్కాలికమే. అసలు కష్టం మూలల దగ్గర ఉంటుంది. 17 రాళ్లు, 340 కిలోలు, అంటే కెపాసిటీలో మూడో వంతు. ఒక్కో మూల మీద పెట్టి రాసుకుంటూ వెళ్లు. 340.0, 340.0, 339.2, 340.2 వచ్చాయనుకో. మూడో మూల 800 గ్రాములు తక్కువ. వెంటనే స్క్రూడ్రైవర్ తీయకు. మూడో పాదం కింద కాగితం మళ్లీ లాగి చూడు, స్టాపర్ తగులుతోందేమో చూడు. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఏమీ లేకపోతేనే జంక్షన్ బాక్స్‌లో ట్రిమ్‌పాట్లు, అంటే ఒక్కో సెల్ సిగ్నల్‌ని సరిచేసే చిన్న స్క్రూలు, ముట్టుకో. అన్నీ పూర్తిగా విప్పిన చోటునుంచి మొదలుపెట్టి, తక్కువ చూపించే మూలకి సమానంగా ఎక్కువ చూపించేవాటిని తగ్గించు. ఆ పాట్ ఉన్న సిగ్నల్‌ని తగ్గించగలదే గానీ లేనిదాన్ని పెంచలేదు. ఒక మూల తిప్పితే పక్క మూలలు కూడా కొంచెం కదులుతాయి. విసుక్కోకు. రెండు మూడు చుట్లు తిరగాల్సిందే. నాలుగూ కలిశాక జీరో, స్పాన్ మొదటినుంచి మళ్లీ చెయ్యి. మూలలు మార్చాక పాత స్పాన్ చెల్లదు.

సరిచూడటానికి 20 గ్రాముల చిన్న రాళ్లు పది తీసుకెళ్లు. 340 కిలోలు పెట్టినప్పుడు స్క్రీన్ 340.0 చూపిస్తుంది. చిన్న రాయి ఒక్కోటే పక్కన పెడుతూ ఉండు. కాటా సరిగ్గా ఉంటే ఐదో రాయి దగ్గర, అంటే 100 గ్రాముల దగ్గర అంకె 340.2కి దూకాలి. రెండో రాయికే దూకిందంటే లోపల అది 340.06 చూపిస్తోందన్నమాట. స్క్రీన్ దాచిపెట్టే అంకెని ఇలా బయటికి లాగొచ్చు.

ఈ కాటాకి మూడో తరగతి, అంటే మామూలు వ్యాపార కాటాల లెక్కన ముద్ర వేసేటప్పుడు ఒప్పుకునే తేడా ఇది: 100 కిలోల దాకా 100 గ్రాములు, 400 దాకా 200, ఆపైన వెయ్యి దాకా 300 గ్రాములు. నువ్వు మాత్రం అందులో సగానికి తెచ్చి వదులు. వాడకంలో అరుగుదలకి కొంత చోటుండాలి. బరువు ఎక్కించేటప్పుడే కాదు, దించేటప్పుడు కూడా అవే మెట్ల దగ్గర ఆగి రాసుకో. ఎక్కేటప్పుడు ఒక అంకె, దిగేటప్పుడు ఇంకో అంకె వస్తుంటే కింద ఎక్కడో రాపిడి ఉంది.

మిల్లు మోటార్లన్నీ ఆన్ చేయించి ఇంకోసారి చూడు. అంకె వణికితే, ఆ వణుకుని అణిచే ఫిల్టర్ పెంచాలనిపిస్తుంది. ముందు ఎర్తింగ్, షీల్డ్ చూడు. ఫిల్టర్ మరీ పెంచితే అంకె నిలబడటానికి ఆలస్యమవుతుంది, హమాలీ అది నిలబడక ముందే బస్తా దించేస్తాడు. ఆటో జీరో కూడా అర డివిజన్ మించకుండా పెట్టు. ఎక్కువ పెడితే ప్లాట్‌ఫాం మీద మెల్లగా పోసే గింజల్ని అది చెత్త అనుకుని సున్నా చేసేస్తుంది.

షాపులోనే కాలిబ్రేషన్ చేసి పంపేద్దామని ఎవరైనా అంటే వినకు. భూమధ్యరేఖ దగ్గరికీ ధ్రువాల దగ్గరికీ గురుత్వాకర్షణలోనే అర శాతం తేడా ఉంది. ఎక్కడ తూస్తారో అక్కడే, ఆ నేల మీదే చెయ్యాలి.

ఇక సీల్ సంగతి. మన పనికి లీగల్ మెట్రాలజీ చట్టం 2009 ప్రకారం రిపేరు లైసెన్సు ఉండాలి, అది మీ షాపు పేరు మీద ఉంది. కొత్త కాటా అయినా, సీల్ తెంపి సరిచేసినదైనా, ఇన్‌స్పెక్టర్ చూసి ముద్ర వేశాకే కొనుగోలు తూకం మొదలవ్వాలి. ఆపైన ఎలక్ట్రానిక్ కాటాకి ప్రతి 12 నెలలకీ ముద్ర పడాలి. కోతల సీజన్ ముంచుకొస్తోంది, ముద్ర తర్వాత చూద్దాంలే అంటారు. ఆ మాట దగ్గర మెత్తబడకు. బస్తాకి పావు కిలో తక్కువ పడేలా పెట్టమని ఎక్కడైనా ఎవరైనా అడిగితే, సంచి భుజాన వేసుకుని వచ్చేయి. డబ్బు రాకపోయినా ఫరవాలేదు, మీ ఓనర్‌తో నేను మాట్లాడతాను.

కాలిబ్రేషన్ అయిపోయాక జీరో దగ్గరి, స్పాన్ దగ్గరి లోపలి కౌంట్లు, అంటే సిగ్నల్‌కి ఇండికేటర్ లోపల వేసుకునే అంకెలు, రెండూ నోట్‌బుక్‌లో రాసుకో, మూలల రీడింగులతో సహా. వచ్చే ఏడాది వెళ్లినప్పుడు ఏ సెల్ జారుతోందో ఆ పేజీ చెబుతుంది.

నా దగ్గరున్న 20 గ్రాముల రాళ్ల డబ్బా, రసమట్టం మీ అమ్మతో పంపిస్తున్నాను. రాళ్లని చేత్తో పట్టుకోకు, డబ్బాలో పటకారు ఉంది. చెమట అంటితే తుప్పు పడతాయి. మూడో మూల దగ్గర ఎక్కడైనా ఆగిపోతే రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మావయ్య
గుంటూరు